హోమం ముందు ఒరిగిపోయిన పెళ్ళికొడుకు

నిజాం పాలన పోయిన కొత్తలో, బెల్లంపల్లిలో నాకు రెండో పెళ్ళి జరిగింది. మొదటి భర్త జ్వరంతో పోయాడు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేసే సంస్కర్తలు గని కార్మికుల ఇళ్ళ మధ్య హోమం పెట్టి, ఒక కార్మికుడితో నాకు పెళ్ళి చేస్తున్నారు.

"ఒకన్ని మింగింది. గిప్పుడు వీన్ని మింగుతది," అంది గుంపులో ఒక ముసలమ్మ.

అంతలోనే, హోమంలో నెయ్యి వేస్తున్న పెళ్ళికొడుకు, మా ఆయన, పక్కకు ఒరిగిపోయారు. ఆమె అన్నట్టే అయిందనుకున్నాను.

అత్త ఆయన ముఖాన నీళ్ళు చల్లింది. "రాత్రి షిఫ్టు చేసొచ్చి ఉపాసమున్నడు. గంతే బిడ్డా, భయపడకు."

ఆయన కళ్ళు తెరిచారు. "అయ్యగారూ, మంత్రాలు ఆపకుండ్రి. బతికే ఉన్న."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ తర్వాత ఆయన గనికి వెళ్ళిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా ఆ ముసలమ్మ మాటే చెవుల్లో వినబడేది.

పోయిన నెల, మనవల మధ్య, మంచం మీద ఆయన కన్నుమూశారు. మింగిందని నన్నెవరూ అనలేదు.