నీళ్ళకొదిలిన కయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉండింది ఇద్దరమే, మా అవ్వా నేనూ. నెల్లూరు సముద్రతీరంలో ఉప్పుటేటి కట్టను ఆనుకుని మా ఇల్లు. కట్టకు లోపలివైపు ఊరి వరి కయ్యలు. వాన నీళ్ళు ఏట్లోకి పోవడానికి కట్టలో ఒక తూము, దానికో చెక్క పలక. తూముకు దగ్గర మేమే కాబట్టి ఆ పలక ఎత్తేదీ దించేదీ మా అవ్వే. ఎత్తే ముందు ఏట్లో కొబ్బరి చిప్ప వేసి నన్ను చూడమనేది. చిప్ప ఊరివైపు కొట్టుకొస్తే సముద్రం పోటు మీదుందని అర్థం, పలక ముట్టకూడదు. సముద్రంవైపు పోతే ఎత్తవచ్చు.

ఒక కార్తీకంలో వాన పట్టుకుని వదల్లేదు. పొట్టకొచ్చిన వరి మునిగిపోతోందని ఊరంతా కట్ట మీదికొచ్చింది. "పలకెత్తవ్వా, పైరంతా పోతావుండాది!" అని ఒకటే కేకలు. నేను చిప్ప వేశాను. పాడు చిప్ప, ఊరివైపే వచ్చింది. అవ్వ తూముకు అడ్డంగా కూర్చుంది. "ఇప్పుడెత్తితే సముద్రమే లోపలికొస్తాది అబ్బయ్యా. వాన నీళ్ళంటే రేపు పోతాయి, ఉప్పు పోతాదా?" అంది. ముసిల్దానికి ఎంత మొండితనమని తిట్టిపోశారు. ఒక్కరూ ఆమె పక్కన నిలబడలేదు.

మధ్యాహ్నమైనా చిప్ప తిరగలేదు. "ఎంతసేపవ్వా?" అన్నాను. "అది తిరిగే దాకా తల్లీ" అంది. కాసేపు పైర్లవైపు చూసి, లేచి పార తీసుకుని మా కయ్య గట్టు తెగ్గొట్టింది. తూము పక్కనే, అన్నిటికంటే పల్లంలో ఉన్న కయ్య. మాకున్నది అదొక్కటే. ఊరి నీళ్ళన్నీ అందులోకి దూకాయి. పై కయ్యల్లో పైరు తలలు బయటపడ్డాయి. మనమేం తినాలని నేను గుండెలు పగిలేలా ఏడ్చాను.

సాయంత్రానికి చిప్ప తిరిగింది, పలక లేచింది. మా పైరు మాత్రం బురద కింద పడి మళ్ళీ లేవలేదు. కోతలప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ మా వాకిట్లో గంపెడు వడ్లు పోసి, తలొంచుకుని పోయారు. అప్పట్నుంచీ వానకాలంలో ఆ కయ్య నాటలేదు. దాన్ని నీళ్ళకొదిలేయడం, బదులుగా ఊరు మాకు వడ్లివ్వడం అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ వడ్లూ లేవు, ఇచ్చిన మనుషులూ లేరు. చుట్టూ రొయ్యల గుంటలు. పలక స్థానంలో ఇనుప తలుపు, దాన్ని ఎత్తేదీ దించేదీ నేను. సముద్రం నా కళ్ళ ముందే పైకొచ్చింది, పోటు దిగడానికి చాలాసేపు పడుతోంది. "ఉత్తగా ఎందుకు పెద్దమ్మా, గుంట తవ్వుకోనీ" అని గుంటలవాళ్ళు ఆ కయ్య కోసం వస్తుంటారు. ఛస్తే ఇవ్వను. మొన్నటి వానకు వాళ్ళ గుంటల నీళ్ళు కూడా నా కయ్యలోకే వచ్చి నిలిచాయి. ఒక్కరంటే ఒక్కరు ఇటు తొంగి చూడలేదు. కోపం రాలేదా అంటే, వచ్చింది. ఏడుపూ వచ్చింది.

ఆ రోజు కూడా చిప్ప వేసి కట్ట మీద కూర్చున్నాను. ఎంతసేపని అడిగే పిల్ల లేదు, చెప్పే అవ్వా లేదు. అది తిరిగే దాకా తల్లీ అని నాకు నేనే చెప్పుకుని, అలాగే కూర్చున్నాను.