ఉప్పుగోనెల్లో చుట్టిన సైకిలు

ఇన్నాళ్లూ ఏదీ ఎందుకు రాయలేదంటే, రాయడం రాకనే. మా ఇంట్లో తమ్ముణ్ణి బడికీ, నన్ను ఉప్పు మడులకీ పంపారు. అప్పట్లో అదేమీ వింతగా తోచలేదు. అరవై దాటాక కోడలు పలక పట్టించింది. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. పోయిన నెల పెరటి పాకలో కట్టెలు తీస్తుంటే, గోనెల్లో చుట్టి మూలకి ఆనించిన మా ఇంటాయన సైకిలు మోకాలికి తగిలింది. దాన్ని బాగుచేయించి రోజూ తొక్కాలని బుద్ధి పుట్టింది.

నౌపడ ఉప్పుగాలి సంగతి ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇనుమన్నది ఏదీ నిలవదు. మడుల నుంచి వచ్చిన మగవాళ్లు తమ కాళ్లయినా కడుక్కోకుండా ముందు సైకిలు కడిగేవారు, అదీ మంచినీళ్లతో. ఆ నీళ్లేమో ఆడవాళ్లం అంత దూరం నుంచి బిందెలతో మోసుకొచ్చినవి. నాకు ఒళ్లు మండి, "తానం సేయించినావు, బువ్వ కూడా ఎట్టు" అని దెప్పితే, ఆయన నవ్వి, "బువ్వొద్దే, నూనె సాలు" అనేవారు. పెళ్లయిన ఏడాది మడుల గట్టు మీద నాకూ తొక్కడం నేర్పారు. కుచ్చెళ్లు పైకి దోపుకుని, గాలి చెవుల్లో హోరుమంటుంటే తొక్కిన ఆ నాలుగు నెలల సుఖం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. కడుపుతో ఉన్నానని అత్త దింపేసింది. తర్వాత మళ్లీ ఎక్కమని ఆయనా అనలేదు, ఎక్కుతానని నేనూ అనలేదు. వెనక కారియరే నా చోటయింది.

ఆయన పోయాక ఆ సైకిలు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. గాలి తగలకూడదని నాలుగు పొరల గోనె చుట్టి, కొబ్బరితాడుతో బిగించి పదకొండేళ్లు దాచాను.

సైకిలు షాపు మా చిన్నాన్న కొడుకుది, నాకు తమ్ముడి వరస, అక్కనని నన్ను అప్పా అంటాడు. మూట విప్పి నెత్తి కొట్టుకున్నాడు. "ఇది సైకిలేటప్పా, ఉప్పుసేప! ఏ గోనెల్లో సుట్టినావు?"

మా ఇంట ఇంకేం గోనెలుంటాయి? అన్నీ ఉప్పు మోసినవే. గాలికి అడ్డం కట్టాననుకున్నాను గాని, ఉప్పునే తెచ్చి దాని ఒంటికి చుట్టాను. ఆయన బతికినన్నాళ్లూ కడిగి వదిలించినదాన్ని నేను ప్రేమకొద్దీ పట్టించాను.

మడ్‌గార్డులు చేతిలోనే పొడిపొడిగా రాలాయి. చక్రాలు కొత్తవి వేసుకోవచ్చు, ఫ్రేము గొట్టాలు పుచ్చితే మాత్రం పాత ఇనుముకే అన్నాడు. పానాతో ఒక్కొక్క చోటే కొడుతూ చెవి ఒగ్గి విన్నాడు. చివరికి, "బతికున్నాది. బావ గొట్టాల్లోకి కూడా నూనె ఒంపీవోడు, అదే కాసింది" అన్నాడు.

ఇక రంగు. సీటు ముందు, పై గొట్టం మీద, ఆయన తొడ రాసుకుని రాసుకుని రంగు పోయి ఒకప్పుడు నున్నగా మెరిసిన జానెడు చోటు తుప్పు కింద ఇంకా ఆనవాలుగా ఉంది. అది వదిలెయ్యమన్నాను.

"ఒగ్గేస్తే అక్కడినుంచే మళ్లీ ఉప్పు తినీస్తాది. దాసుకుంటావా, తొక్కుతావా? ఏదోటి సెప్పప్పా."

అరచెయ్యి ఆ చోట ఆనించి ఒకసారి నిమిరాను. తర్వాత, "ఎయ్యి" అన్నాను. రంగు వేస్తుంటే చూడలేక అవతలికి తిరిగి కూచున్నాను.

సైకిలు నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. మడులకి పోయే గట్టు మీద ఒకప్పుడు తెల్లవారుతూనే సైకిళ్లు వరసకట్టి సాగేవి. బావా అంటే బావా అని పరాచికాలు, ముందువాణ్ణి తప్పుకోమని గంటలు. ఇప్పుడందరూ పెద్దరోడ్డున ఆటోల్లో పోతున్నారు, గట్టు మీద గడ్డి మొలిచింది. ఈ పొద్దున్న అరుగు మీంచి సైకిలెక్కి, ఆ గట్టు చివరిదాకా తొక్కాను. ఎదురుగా ఒక్కరూ లేరు. అయినా దారి పొడుగునా గంట కొడుతూనే ఉన్నాను.