ఆత్మారాం చేతిలో తాళం

కార్ల తాళాలు బాగుచేసే పనిలో నాకు ఒళ్లు మండేది బండ్లతో కాదు, బండ్ల వెంట వచ్చే మాటలతో. ఆ రోజు పొద్దున బోధన్‌లో మా దుకాణం ముందు ఆగిన తెల్లకారు వెంట అలాంటి మాటలే వచ్చాయి.

వెనక సీట్లో రుద్రూర్ వసంతమ్మ ఉంది. కిడ్నీలు పాడై డయాలిసిస్‌కు నిజామాబాద్ పోతుంటుంది. అంతకుముందు వారం కారు కదలక ఒకసారి డయాలిసిస్ తప్పింది. కాళ్లు ఉబ్బి ఆయాసపడుతోంది. ఇవాళ కూడా మొరాయిస్తే కొడుకు నరేందర్ తన దగ్గరున్న రెండో తాళంతో స్టార్ట్ చేసి, తనే నడుపుకుంటూ ఇక్కడిదాకా తెచ్చాడు. కోపంతో వాడి మొహం కందగడ్డలా ఉంది. పక్కన తల వంచుకుని డ్రైవర్ ఆత్మారాం.

ఆత్మారాం నాకు పాత ఎరుకే. షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు లారీ తోలేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది. రైస్ మిల్లులో చేరితే సేటు మిల్లు అమ్ముకున్నాడు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, కొన్న ఆటో కాస్తా కాలువలో పడింది. ఊరి నోటికి మూతెక్కడిది? వాడి చెయ్యి అచ్చిరాదన్నారు. మొదట్లో నవ్వి ఊరుకునేవాడు. అందరూ అనేసరికి తనూ నమ్మాడు. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టమంటే పక్కవాడి చేతికిచ్చేవాడు. వసంతమ్మ మాత్రం ఆ మాటలు చెవిన పెట్టక పనిలో పెట్టుకుంది.

అది బటన్ స్టార్ట్ కారు. తాళం జేబులో ఉంటే చాలు, బండి దాన్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే దొంగే వచ్చాడనుకుని ఇంజన్‌ను కదలనివ్వదు. మొన్న తెచ్చినప్పుడు నేను తాళంలో సెల్లు మార్చాను, వెంటనే స్టార్ట్ అయింది. మర్నాడే మళ్లీ మొండికేసింది. నరేందర్ తాళంతో మాత్రం ఎప్పుడూ తప్పలేదు. అందుకే వాడు తేల్చేశాడు: బండిలో ఏ లోపమూ లేదు, ఆత్మారామే ఏదో చేస్తున్నాడు, ఇవాళ్టితో పని బంద్.

ఆత్మారాం నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“నరేందర్ పటేలు అన్నదాంట్ల తప్పులేదు గులాం భాయ్. నా చేతికొస్తెనే గిట్లయితది. అవ్వ పానం మీదికి తెస్తున్న. నేను పోతేనే మంచిది.”

తాళానికి చేతి గీతలేం తెలుసయ్యా అని కసిరాను. వాడి తాళం లాక్కుని, తోలు కవరుతో సహా టెస్టర్ దగ్గర పెట్టి నొక్కాను. దీపం వెలగలేదు. సెల్లు చూద్దామని కవరులోంచి తీసి నొక్కితే వెలిగింది. మళ్లీ కవరులో పెడితే లేదు. మొన్న సెల్లు మార్చినప్పుడు కవరు లేకుండానే చూశానని అప్పుడు గుర్తొచ్చింది.

కవరు దులిపాను. మడత పెట్టిన రాగి రేకు తాయెత్తు, తావీజంటారే అది, బల్ల మీద పడింది. రాగి అడ్డుంటే తాళం పలికేది బండికి వినబడదు.

ఇది ఎవరిదని నరేందర్ అడిగాడు. ఆత్మారాం మొహంలో నెత్తురు లేదు.

“నేనే పెట్టిన పటేలా. నా చెయ్యి అచ్చిరాదంటరు గద. నాతోటి అవ్వకు ఏం గావద్దని పెద్దగుట్ట దర్గాల అడిగి తెచ్చిన.”

నరేందర్ మండిపడ్డాడు. అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది ఆ రేకేనని, ఇక కారు ముట్టొద్దని అరిచాడు. అందులో అబద్ధం లేదు, నేనేం అడ్డుపడను? ఆత్మారాం నా దుకాణం మెట్లు దిగి రోడ్డు పట్టాడు.

వసంతమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి తావీజు అడిగింది. ఇచ్చాను. కొంగున ముడేసుకుంది. తర్వాత కొడుకును పిలిచి, వాడి జేబులోని తాళం కారుకు దూరంగా దుకాణంలో పెట్టేందుకు నాకిమ్మంది. నరేందర్ గునుస్తూనే ఇచ్చాడు.

“ఆత్మారామా, ఇటు రా,” అంది ఆయాసపడుతూ. “తావీజు నా కోసం తెచ్చినవు, నా తాననే ఉంటది. ఇగ కారుకు నీ తాళం ఒక్కటే. నీ చేతితోని నువ్వే నొక్కు. నేను సూడాలె.”

వాడు వెనక్కి వచ్చాడు. చెయ్యి అంగీకి తుడుచుకుని, కవరు లేని తాళం అందుకున్నాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని బటన్ మీద వేలు పెట్టాడు. నొక్కాడు. ఇంజన్ అందుకుంది.

వాడు స్టీరింగ్ మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆస్పత్రికి ఆలస్యమవుతోంది, పో మియా అని కిటికీ మీద కొట్టాను.