ఎడమచేతి హీరోలు

పాటలకూ సినిమాలకూ ఏ దశాబ్దం గొప్పదన్న వాదన వస్తే నేను ఆధారం అడుగుతాను. ఎవరి పదహారో ఏడు ఏ దశాబ్దంలో గడిచిందో వాళ్ళకు అదే గొప్పదని నా అనుమానం. బిలాస్‌పూర్ స్టేషను వెయిటింగ్ రూములో కలిసిన ఒక పెద్దావిడ మాత్రం అడగకుండానే ఆధారం చూపించింది.

"డెబ్బైల హీరోలే హీరోలు బాబూ. కత్తి ఎడం సేత్తోనే తిప్పీవోరు. ఇప్పుడోళ్ళకి సేతనవుతాదా?"

పక్కనున్న ఆమె భర్త నవ్వాడు. "పెళ్ళైన కాడ్నించీ ఇదే అబద్ధం. నానూ అవే సినిమాలు సూసినాను. కుడి సెయ్యే."

"నాను అబద్ధాలకోరునేటి? నా కళ్ళతో సూసినాను!" ఆమె గొంతులో పాత ఉక్రోషం వినిపించింది.

హీరోలందరిదీ ఎడమచేతి వాటం కావడం అసంభవం. సినిమాలు ఎక్కడ చూశారని అడిగాను. ఇక్కడి రైల్వే కాలనీ మైదానంలో తెలుగు సినిమాలకు తెర కట్టేవారట. వంటపని ముగించి ఆడవాళ్ళు వచ్చేసరికి ముందువైపు మగవాళ్ళతో నిండిపోయేదట. వాళ్ళు తెర వెనక కూర్చునేవారట.

"అక్షరాలు తిరగబడి కనిపించలేదా అమ్మా?"

"తెలుగు అచ్చరాలు నాకేటి తెల్సు? నాను సదివింది హిందీ బడి కదా."

తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందనీ, ఇద్దరూ నిజమే చెబుతున్నారనీ వివరించాను.

"అచ్ఛా!" అన్నాడాయన. తన టీ కప్పును ఎడమచేత్తో కత్తి దూసినట్టు ఆమె ముందుకు చాచాడు. "అయినా పాటలకి ఎనబైలేనే!"

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు వయసు పదహారుకు మించదని నా అంచనా. పరీక్షించాలని మాత్రం అనిపించలేదు.