అర్జునుడి నడుము

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్తాను. చీమ కనబడితే దానికి తొండం అతికించేదాకా నాకు నిద్ర పట్టదు. కాబట్టి ఇందులో నమ్మబుద్ధి కానిది ఏదైనా తగిలితే సగానికి తగ్గించుకుని చదవండి. మరీ నమ్మబుద్ధయ్యేది తగిలితే ఇంకా జాగ్రత్తగా ఉండండి. ఈమధ్య మదనపల్లెలో మా వీధి చివర అద్దాల తలుపులతో ఒక దుకాణం తెరిచారు. లోపల మెత్తటి బల్ల మీద మనల్ని పడుకోబెట్టి, నీటుగా యూనిఫాం వేసుకున్న పిల్లలు మన కాళ్లూ చేతులూ పట్టుకుని నెమ్మదిగా సాగదీస్తారట. స్ట్రెచింగ్ థెరపీ అట దాని పేరు. చల్లటి గాలి, సన్నటి సంగీతం. అది చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటే తొడ వెనక నరం జివ్వుమంది. నేను కాళ్లు సాగదీయించుకున్న కాలంలో సంగీతం కూడా నేనే సమకూర్చుకునేవాణ్ణి. అదీ నాలుగు వీధులకు వినబడేలా.

అప్పటికి నాకు పెళ్లయి కొన్నేళ్లయింది. టమోటా మార్కెట్‌లో ఒక మండీలో ఉద్యోగం. ఉద్యోగమంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చెన్నై వ్యాపారిని బతిమాలుతూ, బెంగళూరు వ్యాపారిని తిడుతూ పొద్దు గడపడం. అలా చేసీ చేసీ నా మెడ ఒక పక్కకి వాలిపోయి అక్కడే కాపురం పెట్టేసింది. నడుము సంగతి అడగొద్దు. మంచం కిందికి పోయిన చెప్పుని నేను పోయినదాని కిందే లెక్కేసి కొత్తది కొనుక్కునేవాణ్ణి. గుడిలో అందరూ సాష్టాంగపడితే నేను నిలబడే దేవుణ్ణి పలకరించేవాణ్ణి. (వాలిన మెడ చూసి పూజారి దాన్ని భక్తి అనుకునేవాడు.)

అలాంటి నన్ను పట్టుకుని అర్జునుడి వేషం వెయ్యమంది నా భార్య. మాది కుప్పం దగ్గర పల్లె. ఎండాకాలంలో మా ఊళ్లో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు మాత్రం పట్టపగలే. నున్నటి పొడుగాటి మాను ఒకటి పాతి, దానికి మెట్లలాగా మేకులు కొట్టి, కొసన పీటంత పలక బిగిస్తారు. వేషగాడు పద్యాలు పాడుకుంటూ పైకెక్కి, ఆ పలక మీద పద్మాసనం వేసి, శివుణ్ణి వేడుకుని, కిందికి నిమ్మపండ్లు విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ కొంగు పరిచి కూర్చుంటారు. పండు ఎవరి ఒళ్లో పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. నా భార్య అంతకుముందు భారతాల్లో అలా కూర్చుని, ఉత్త కొంగు దులుపుకుని లేచి వచ్చింది. అప్పట్లో అర్జునుడి వేషం మా పెదనాయన కొడుకుది. ఆ మహానుభావుడి పండ్లన్నీ ఆయన అత్తగారి ఊరివాళ్లు కూర్చున్న వైపే పడేవి. బారసాలలకు పోతే నా భార్యను వెనక గదిలో తమలపాకులు తుడవమని కూర్చోబెట్టేవాళ్లు. బిడ్డను మాత్రం ఎవరూ ఆమె చేతికిచ్చేవాళ్లు కాదు. (ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.)

"మీయన్న నా పక్కకి సూడనే సూడ్డు. ఈసారి నువ్వే ఎక్కు" అంది.

"నేనా? స్టూలు ఎక్కితేనే నాకు కండ్లు తిరగతాయి."

"నువ్వయితే నా ఒళ్లోనే ఏస్తావు గదా. ఇంగెవుర్ని అడిగేది నేను?"

ఊరికి పోయి, నాటకం నేర్పే వాద్యారును అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "వొంగి నీ కాలి బొటనేలు ముట్టు సూద్దాం" అన్నాడు. నేను వంగాను. అంటే, వంగానని నేను అనుకున్నాను.

"మోకాలి కాడ్నే బండి ఆగిపోయిందేమప్పా! ఈ నడుముతో మాను ఎక్కితే నిన్ను దించేదానికి ఇంగో అర్జునుణ్ణి ఎక్కించాల. తపస్సు దినం లోపల నీ బొటనేలు నువ్వు ముట్టుకుంటే వేషం నీది. లేకుంటే మీయన్నే."

మదనపల్లెలో డాక్టరుకు చూపిస్తే మాత్రలిచ్చి, బరువులు ఎత్తొద్దన్నాడు. నన్ను నేను ఎత్తుకుని మాను ఎక్కాలని ఆయనకెలా చెప్పను? మండీలో హమాలీలు చెప్పారు, పుంగనూరులో ఒక పహిల్వాన్ సాయిబు ఉన్నాడని, మనిషిని పట్టుకుని లాగితే బిగుసుకుపోయిన ఒళ్లు దారికొస్తుందని. బస్సెక్కి పోయాను. ఇంటి ముందు చాప, నువ్వుల నూనె గిన్నె, పక్కనే కట్టేసిన పుంగనూరు పొట్టి ఆవు. అది నా మోకాలంత ఉండి, నన్ను మాత్రం తనకన్నా పొట్టివాణ్ణి చూసినట్టు చూసింది. పహిల్వాన్ మీసాలు గుమ్మానికి అడ్డంపడి, ఆయన పక్కకి తిరిగి బయటికి రావలసి వచ్చింది.

"మినిస్టర్ల కాళ్లే లాగినా ఈ సేతుల్తో! నీది ఎంత? పండుకో" అన్నాడు. ఒక కాలి మీద మోకాలు ఆనించి, రెండో మడమకి తువ్వాలు చుట్టి, బావిలోంచి బొక్కెన తోడినట్టు లాగాడు. నేను పెట్టిన కేకకి ఆవు తాడు తెంపుకుంది.

"ఢీలా ఛోడ్ రే బాబా! నేను లాగతాండాను, నువ్వు బిగబట్టుకుంటాండావు. ఇదేమన్నా తాడు పందెమా?"

"నేను పట్టుకోలేదు సాయిబూ, అదే పట్టుకుంటాంది!"

"అయితే మాట్లాడు. నోరు ఆడితే కండ వదుల్తాది. నిజం మాట్లాడొద్దు, నిజమైతే ఆలోచన చేస్తావు, మళ్లా బిగుస్తావు. అబద్ధం సెప్పు. పెద్దది."

"మా మండీకి గుమ్మడికాయంత టమోటా వచ్చింది" అన్నాను. కాలు కొంచెం పైకి లేచింది.

"ఇంగా!"

"దాన్ని ఎత్తేదానికి క్రేన్ తెచ్చినారు." కాలు ఇంకాస్త లేచింది.

"ఇంగా పెద్దది సెప్పు!"

"మా ఓనరు రైతుకి అనుకున్నదానికన్నా ఎక్కువ ధర ఇచ్చినాడు."

పహిల్వాన్ పకపకా నవ్వి తువ్వాలు వదిలేశాడు. నా కాలు దబ్బున నేలకి వచ్చి కొట్టుకుంది. నా సాహిత్య జీవితం అక్కడ, ఆ చాప మీద, నూనె వాసనలో మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా పోయేవాణ్ణి. లాగుడు పెరిగేకొద్దీ అబద్ధం పెరగాలి, అబద్ధం పెరిగేకొద్దీ నడుము వంగాలి. రామకుప్పం ఏనుగులు మా ఇంటికొచ్చి కాఫీ అడిగాయని చెప్పిన రోజున నా వేళ్లు చీలమండ దాటాయి.

ఒకరోజు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. "ఇంతకీ యాల వొంగాల నువ్వు? క్రికెట్టా?" అన్నాడాయన. అలసటలో నిజం చెప్పేశాను. మాను సంగతి, నిమ్మపండు సంగతి, వెనక గదిలో తమలపాకుల సంగతి. పహిల్వాన్ చేతులు ఆగిపోయాయి. మీసం దువ్వుకుని, "నడుము వొంచేది నా పని బాబా. ఆ పైది నా సేతుల్లో లేదు" అన్నాడు. తర్వాత మళ్లీ లాగాడు కానీ, ఆ రోజు ఆ లాగుడులో మినిస్టర్లెవరూ లేరు. నిద్రపోయే బిడ్డ కిందినుంచి దుప్పటి తీసినంత మెల్లగా లాగాడు.

గురి కోసం మండీలో టమోటాలు క్రేట్లలోకి విసిరి సాధన చేశాను. "యాల్రా నా సరుకు ఎగరేస్తాండావు? నీకేమన్నా దెయ్యం పట్టిందా?" అని ఓనరు గోలపెట్టాడు. (ఆ వారం మదనపల్లెలో ధర పడిపోవడానికి నేనే కారణమని ఇప్పటికీ నా అనుమానం.) చివరికి వాద్యారు ముందు నా బొటనవేలు నేను ముట్టుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "ఇంగోసారి ముట్టప్పా" అన్నాడు. ముట్టాను. వేషం నాదైంది. మా అన్న నాతో మాటలు మానేశాడు. అది వేషంతో పాటు వచ్చిన లాభం.

తపస్సు రోజున కిరీటం, గడ్డం, రుద్రాక్షలతో మాను ఎక్కాను. మేకు మేకుకీ ఒక పద్యం. పైకి పోయేసరికి శాంతిపురం దాటి బెంగళూరుదాకా కనబడింది. పద్మాసనం వేశాను. కింద తడిచీరల వలయం, అందులో పసుపు చీరలో నా భార్య, తల పైకెత్తి నన్నే చూస్తోంది. పండు చేతిలోకి తీసుకుని ఎడమకి వంగాను. అప్పుడే నడుము పట్టేసింది. పండు గురి తప్పి, ఎగిరి, ఊరికే వేడుక చూడటానికొచ్చిన మా దర్జీ పెళ్లాం ఒళ్లో పడింది. ఆమెకి అప్పటికే ఇంటినిండా పిల్లలు. మరుసటి ఏడు కవలలు. దర్జీ ఇప్పటికీ నాకు చొక్కా కుడితే ఒక చెయ్యి పొట్టిగా కుడతాడు.

ఈ కథ నేను మదనపల్లెలో ఏ పెళ్లి పందిట్లో చెప్పినా జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇప్పుడిక ఒప్పుకోవాలి. ఆవు నా మోకాలంత లేదు, నడుమంత ఉంది. మాను మీంచి బెంగళూరు కనబడలేదు. ఇవన్నీ మీరు సగానికి తగ్గించుకునే ఉంటారు. కానీ దర్జీ పెళ్లాన్ని మొత్తం తీసెయ్యాలి. అలాంటి మనిషి లేదు. నా నడుము పట్టెయ్యలేదు. నూనె పట్టించిన తలుపులాగా వంగింది. పండు నా చేతిలోంచి బయల్దేరి తిన్నగా నా భార్య ఒళ్లో పడింది. తాళాలు మోగాయి. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, తొక్కతో సహా, గింజతో సహా, ఒక చుక్క కిందపడకుండా తినేసింది. ఆ తర్వాతి భారతానికి నన్ను ఎక్కమని అడగలేదు. తనూ కొంగు పరచలేదు.

మరి దర్జీ పెళ్లాం ఎక్కణ్ణించి వచ్చిందంటారా? మదనపల్లెలో మా వీధి ఆడవాళ్లు ఒకరోజు మా ఇంట్లో చేరి, "అర్జునుడు ఏసిన పండు తిన్నా కూడా కడుపు పండలేదంటే, ఇంగ మీలోనే ఏదో ఉండాదిలేమ్మా" అని మొదలుపెట్టారు. వాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు, వినికిడే. నా భార్య కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. "తినిందెక్కడమ్మా, నా నడుము పట్టేసి పండు ఎవురి ఒళ్లోనో పడిపోయింది" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఆమె నావైపు చూసింది. చాలాసేపు చూసిందని రాయాలని ఉంది కానీ, క్షణమే. తర్వాత గ్లాసులు అందిస్తూ, "అవునక్కా, ఒక్క మూర ఎడం పక్కకి వొంగుంటే సరిపోయుండు. ఈయప్ప నడుము కథ మీకు తెల్దా?" అంది. అందరూ నవ్వారు.

ఇప్పటికీ నేను ఇంట్లో ఎవరికైనా ఈ కథ చెప్తుంటే, పండు ఎగిరే చోటికి రాగానే వంటింట్లోంచి ఆ మాట తప్పకుండా వినబడుతుంది. నేను గడ్డం, కిరీటం, దర్జీ, కవలలు ఎన్ని కల్పించినా నవ్వు తెచ్చేది మాత్రం ఆ ఒక్క మూరే. అది నాది కాదు, ఆమె కల్పించింది. నేను కూడా, అప్పటి ఆ బక్కపల్చటి అర్జునుణ్ణి తలుచుకుని, అందరితో పాటు నవ్వుతాను.