ఫ్రీజర్‌లో పెట్టిన విత్తనాలు

పరిశోధన చేసిన మూడేళ్లూ నేను ఒకే పువ్వు వెంట తిరిగాను. హిమాలయాల్లో, చెట్లు ఇక పెరగని ఎత్తులో, రాళ్ల సందున నేలకి అంటుకుని పూసే చిన్న పసుపు పువ్వు. కొండ కింది వాలులో మొలిచిన మొక్కని పైకి తెచ్చి నాటితే చలికి చచ్చిపోయేది. పై వాలు మొక్క నెలల తరబడి మంచు కింద ఉండి కూడా లేచేది. రెండూ ఒకే జాతి. తేడా ఏ జన్యువుల్లో ఉందో తెలుసుకోడానికి రెండు చోట్లా ఆకులు కోసి, డీఎన్ఏ మొత్తం చదివించి కంప్యూటర్‌లో దాచాం.

చివరి ఏడాది, విత్తనాల బ్యాంకులో భద్రపరచడానికి పై వాలులో కాసిని విత్తనాలు కూడా ఏరాను. అప్పుడే నాన్నకి కంటి ఆపరేషనని తెలిసి, ల్యాబ్‌కి వెళ్లకుండా నేరుగా చోడవరం వచ్చేశాను. విత్తనాల కవరు మా ఫ్రీజర్‌లో చేపల పక్కన పెట్టాను. తిరిగి వెళ్లేరోజు హడావిడిలో బస్సెక్కేశాను. కవరు గుర్తొచ్చేసరికి అనకాపల్లి దాటిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు తీసుకెళ్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఊరికి వెళ్లనే లేదు.

మరుసటి వానాకాలం, కొండ మీద మాకు దారి చూపించిన గొర్రెల కాపరి ఫోన్ చేశాడు. కొండచరియ విరిగి పై వాలు మొత్తం లోయలోకి జారిపోయిందట. ఆ రకం మాకు అంతవరకూ ఇంకెక్కడా కనిపించలేదు. వెంటనే అమ్మకి ఫోన్ చేసి కవరు సంగతి అడిగాను.



"మొన్న వేసంకాలం తుపానుకి నాలుగు రోజులు కరెంటు నేదే. ఐసంతా కరిగిపోయి కవరు తడిసిపోనాది. ఎండలో పెట్టేను గానీ అప్పటికే బూజు పట్టేసింది. నీకు సెప్పడానికి భయమేసింది."

"పారేశావా?"

"నేదు. దాసేను."

ఆ వారమే ఇంటికెళ్లాను. బూజు తుడిచి, విత్తనాల్ని తడి కాగితం మీద పేర్చి, వారాల పాటు చూశాను. అమ్మ చెరకు తోట నుంచి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా వచ్చి వంగి చూసేది. ఒక్కటీ మొలవలేదు.

"కంప్యూటర్లో దాసేమన్నావు గదా, దాన్నుండి మొక్క మొలిపించలేరేటి?" అంది ఒకరోజు.

"లేరమ్మా. అది చదువుకోడానికే."

"నా వల్లే అయిపోనాదమ్మా," అని ఏడ్చింది. కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. విత్తనాల బ్యాంకుకి పంపాల్సిన కవరుని చేపల పక్కన వదిలేసింది నేను.

జన్యు సమాచారం అందరికీ అందుబాటులో పెట్టాం. దాన్ని వాడుకునేవాళ్లలో ఎవరో ఒకరు, పై వాలు విత్తనాలు కొన్ని పంపగలరా అని అప్పుడప్పుడూ రాస్తారు. లేవని ఒక్క ముక్క జవాబివ్వడానికి నాకు ఇప్పటికీ ఒక పూట పడుతుంది.