తడి వేలితో దిద్దిన నాయన బొమ్మ

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా బడికి కొత్తగా ఒక డ్రాయింగు సారు వచ్చారు. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ముస్లిం సారు. నమాజు వేళకు తప్ప చేతికంటిన రంగు కడుక్కునే అలవాటు ఆయనకు లేదు. మా మగ్గాల వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని మొహాలూ గీస్తానని పట్టుబట్టి, ఆదివారమైతే చాలు, గరుకు కాగితాలు, రంగు సుద్దల పెట్టె చంకన పెట్టుకుని వచ్చేవారు. అవి మేము పలకల మీద రాసుకునే సుద్దలు కావు. వేలు తగిలితే పొడి రాలేంత మెత్తనివి. గీసిన బొమ్మను ఎవరూ ముట్టుకోకూడదని మాకు పదేపదే చెప్పేవారు.

సారు బొమ్మ గీస్తారంటే వీధికి పెళ్ళికళ వచ్చింది. మగవాళ్ళు గడ్డాలు గీయించుకున్నారు. మావి పట్టుచీరలు నేసే ఇళ్ళే గానీ కట్టే ఇళ్ళు కావు కదా, ఆడవాళ్ళ మధ్య ఒకే ఒక్క మంచి చీర నాలుగిళ్ళు తిరిగింది. సారు ఎవరినీ కాదనేవారు కాదు. ముస్తాబై బిగుసుకు కూర్చున్నవాళ్ళ ముందు ఊరికే చేయి ఆడిస్తూ కాసేపు పిచ్చాపాటీ మాట్లాడి, అయిపోయింది, ఇక మీ పని చూసుకోండి అనేవారు. వాళ్ళు మగ్గం గుంతలోకి దిగి పనిలో పడ్డాకే అసలు బొమ్మ మొదలుపెట్టేవారు. పక్కింటి అవ్వ కండెకు దారం చుడుతూ మధ్యలో కోడలిని తిడుతుంటే, ఆ తిట్టు నోట్లో ఉండగానే గీశారు. "యేమప్పా సారూ, నా నోరు ఇంత పెద్దదా?" అని అవ్వ మండిపడింది. మళ్ళీ తానే వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించుకుంది.

మా నాయన మాత్రం ముస్తాబు కాలేదు. చీర తొందరగా కావాలని షావుకారు మనిషి మీద మనిషిని పంపుతుంటే, సారు వచ్చినా తలెత్తకుండా నేస్తూనే ఉన్నాడు. పోగు తెగితే మా నాయన ఒక కొనను పెదాల మూల కరిచి పట్టుకుని, ఒక కన్ను మూసి, నొసలు ముడివేసి రెండో కొన వెతికేవాడు. అది దొరికేదాకా ఇల్లు అంటుకున్నా లేచే రకం కాదు. సారు సరిగ్గా ఆ మొహాన్నే గీశారు. రెండు ఆదివారాలు పట్టింది. నాయన గుంతలోంచి లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు ఆ బొమ్మను చూశాడు. మామూలుగా రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి కాదు.

"నా జల్మలో నన్ను ఇంతసేపు ఎవురూ చూసిండలేదు సారూ," అన్నాడు.

ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు తెలియలేదు. నాకు ఆ బొమ్మలో కనిపించినవి మూసుకుపోయిన కన్నూ, వంకర నోరూ, మాసిన గడ్డమూ. బడి వార్షికోత్సవం నాడు బొమ్మలన్నీ వరండాలో వేలాడదీస్తారట. షావుకారు కూతురు నా తరగతే. వాళ్ళింట్లో వాళ్ళ నాన్న ఫోటో నేను చూశాను. కోటు, చేతి గడియారం, నున్నగా దువ్విన తల. ఆ అమ్మాయి మా నాయన బొమ్మ ముందు నిలబడి నవ్వుతుందన్న తలపుతో నాకు అన్నం సహించలేదు. చేతులు గీయడం ఇంకా మిగిలిందని, మళ్ళీ ఆదివారం వస్తానని, సారు ఆ బొమ్మను మా ఇంట్లోనే అలమర మీద పెట్టి వెళ్ళారు.

మగ్గాల ఇళ్ళ పిల్లలకు చేతికి అలవాటైన పని ఒకటుంది. నేసిన చీరలో పోగులు పక్కకు జరిగి ఎక్కడైనా సన్నటి సందు కనిపిస్తే, వేలి కొన నాలుకకు అద్దుకుని దాని మీద మెల్లగా రుద్దుతాం. పోగులు సర్దుకుని సందు మాయమైపోతుంది. షావుకారు వెలుతురుకు పట్టి చూసినా వంక దొరకదు. తొమ్మిదేళ్ళకే ఆ పనిలో నాకు వీధిలో పేరుండేది. అదే నా కొంప ముంచింది.

నాయన చీర అప్పగించడానికీ, అమ్మ కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టడానికీ వెళ్ళిన ఒక మధ్యాహ్నం నేను బొమ్మ దించాను. వేలు తడుపుకుని నొసటి ముడి మీద రుద్దాను. అది పోలేదు, నల్లగా సాగింది. దాన్ని సర్దబోయి కన్ను చెరిపాను, కన్ను సర్దబోయి నోరు చెరిపాను. కాసేపటికి అక్కడ మొహమే లేదు. మట్టిరంగు మరక ఒకటి మిగిలింది.

నాయన వచ్చి ముందు బొమ్మను చూశాడు, తర్వాత నా చేతిని చూశాడు.

"యాల పాపా ఇట్ల చేసినావు?"

"బాగలేదు నాయనా. అందరూ నగుతారు," అన్నాను.

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! బొమ్మను పాడు చేసినందుకంటే ఆ మాట అన్నందుకే నేను ఎక్కువ ఏడ్చాను, కాకపోతే చాలా ఏళ్ళ తర్వాత. నాయన నన్ను కొట్టలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటీ కడిగి, తన తుండుగుడ్డతో తుడిచాడు.

ఆదివారం సారు వచ్చినప్పుడు నాయన తప్పు తన మీద వేసుకోబోయాడు గానీ, అబద్ధం ఆడటం చేతకాలేదు. "కాకిపిల్ల కాకికి ముద్దంటారు గదా సారూ. ఈడ కాకే పిల్లకు ముద్దు కాలేదు," అని నవ్వాడు. సారు నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచారు. తిడతారనుకుని చేతులు వెనక దాచుకుని వెళ్ళాను.

"మీ నాయన ఎట్లుంటే బాగుంటాడో చెప్పు పాపా."

చెప్పాను. తెల్లచొక్కా ఉండాలి. గడ్డం ఉండకూడదు. రెండు కళ్ళూ తెరిచి ఉండాలి, నోరు తిన్నగా ఉండాలి. నాయన మారు మాట్లాడకుండా వెళ్ళి గడ్డం గీసుకుని, పక్కింటి మామ చొక్కా అడిగి తొడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సారు ఈసారి మగ్గంలోకి దిగమని అడగలేదు. అరగంటలో బొమ్మ ముగించి నా చేతికిచ్చారు.

"నువ్వు చెప్పిన మనిషిని గీసినా. బద్రంగా పెట్టుకో," అన్నారు. మొదటిది కూడా మళ్ళీ గీయమని నేను భయంభయంగా అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అది ఇంగ నాకు రాదు పాపా. మీ నాయన నన్ను మర్చిపోయి పనిలో ఉన్నెప్పుడు గీసింది అది. ఇంగ ఆయన తన మొగాన్ని మర్చిపోడు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఆ రోజుతో మర్చిపోయేదాన్ని.

వరండాలో అందరి బొమ్మలతో పాటు మా నాయన బొమ్మ కూడా వేలాడింది. షావుకారు కూతురు బాగుందనే అంది. పక్కింటి అవ్వ మాత్రం దాని ముందు ఆగి, "ఎవురప్పా ఈ పెండ్లికొడుకు?" అని అడిగింది. నాయన చూడటానికి రాలేదు, చీర ముగించాలన్నాడు. ఆ తర్వాత నేను దగ్గరున్నప్పుడు పోగు తెగితే నాయన మొహం గోడవైపు తిప్పుకుని అతుక్కునేవాడు. సారు చెప్పింది నిజమని నాకు అలా అర్థమైంది. ఇటు తిరుగు నాయనా అని ఒక్కసారి అని ఉండొచ్చు. సిగ్గేసి అనలేదు. అలా అనకుండానే పెద్దదాన్నయ్యాను, పెళ్ళయి అనంతపురం వచ్చేశాను, నాయన పోయాడు.

ఎవరి మొహాన్నీ దిద్దబోకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. పిల్లలను పెంచేటప్పుడు ఆ పాఠం నాకు చాలాసార్లు పనికొచ్చింది. మొన్న మనవరాలు నన్ను ఫోన్‌లో ఫోటో తీసి, నొసటి ముడతలన్నీ చెరిపేస్తానంది. వద్దు తల్లీ, ఉన్నదున్నట్టు ఉండనీ అన్నాను. పాఠమైతే వంటబట్టింది. కానీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

మా నాయనకు వేరే ఫోటో లేదు. తెల్లచొక్కా బొమ్మే అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు, మీ నాయన ఎంత అందగాడో అంటారు. నేను తల ఊపుతాను. ఇన్నేళ్ళు దాన్నే చూసి చూసి, ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ తెల్లచొక్కా మనిషే కనిపిస్తాడు. పోగు కరిచి పట్టుకున్నది పెదవికి కుడిమూలో, ఎడమమూలో, ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు.